ముచ్చట రేడియో

పాతికేళ్ల పైచిలుకు విరామం తర్వాత నేను మళ్లీ హామ్ రేడియో పెట్టుకున్నానని తెలిసినవారందరూ ఒకే ప్రశ్న వేస్తున్నారు: "చేతిలో సెల్‌ఫోను పెట్టుకుని ఈ డబ్బా ఎందుకండీ?" దీనికి హామ్‌లందరూ కంఠస్థం చేసి ఉంచుకున్న జవాబు ఒకటుంది. తుపాను వచ్చి టవర్లు పడిపోయిననాడు, తీగలు తెగిపోయిననాడు, లోకానికి కబురు చేరవేసేది మేమేనని. ఈ మాట అనగానే ఎదుటివారి ముఖంలో పరిహాసం పోయి గౌరవం వస్తుంది. మాది నెల్లూరు తీరం. తుపాను అంటే ఇక్కడ ఎవరికీ వివరించి చెప్పనక్కర లేదు.

ఆ జవాబు చెప్పటం నేను మానుకున్నాను. అందులో అసత్యమేమీ లేదు. కానీ కాయను చూపించి చెట్టును దాచే జవాబు అది. దానివల్ల మా వ్యాసంగానికి మేలు కన్నా కీడే ఎక్కువ జరుగుతున్నదని నా అభిప్రాయం. ఈ టపా ఆ సంగతి చెప్పటానికే.

తెలియనివారి కోసం ముందుగా రెండు ముక్కలు. ప్రభుత్వం పెట్టిన పరీక్షలో ఉత్తీర్ణులై, అనుమతిపత్రమూ దానితోపాటు ఒక పిలుపుగుర్తూ పొంది, సొంత రేడియో యంత్రంతో తనలాంటివారితో మాట్లాడుకోవటమే హామ్ రేడియో. మధ్యలో కంపెనీ లేదు, టవరు లేదు, నెలసరి బిల్లు లేదు. నా ఇంటి మీది తీగ నుంచి బయలుదేరిన తరంగం పైనున్న అయనావరణంలో వంగి, మళ్లీ నేలకు దిగి, ఎక్కడో మరొకరి ఇంటి మీది తీగలో పడుతుంది. మన దేశంలో పిలుపుగుర్తులు మామూలుగా వీయూ అనే అక్షరాలతో మొదలవుతాయి. నాది ఇక్కడ రాయను. దాన్ని పట్టుకుని వెతికితే ఇంటి చిరునామా బయటపడుతుంది, అదొక చిక్కు.

ఇంగ్లీషులో దీని పేరు అమెచ్యూర్ రేడియో. ఆ అమెచ్యూర్ అన్న మాట, ప్రేమించేవాడు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి పుట్టింది. మన పత్రికలవారు ఔత్సాహిక రేడియో అంటారు. నాకా మాట రుచించదు. ఔత్సాహిక రచయిత, ఔత్సాహిక గాయని అన్నప్పుడు ఇంకా చేయి తిరగనివారనే ధ్వని ఒకటి వెంట వస్తుంది. నలభై ఏళ్లు మోర్స్ కొట్టిన ముసలాయనను కూడా ఔత్సాహికుడనే అంటామా? నాకైతే ముచ్చట రేడియో అనాలనిపిస్తుంది. కోస్తావారికి ముచ్చటంటే తీర్చుకోవలసిన ఇష్టం. తెలంగాణవారికి ముచ్చటంటే మాట, కబురు. ఈ రెండర్థాలూ మా వ్యాసంగంలో ఒకచోట కలుస్తాయి. ఇంతకన్నా మంచి మాట ఎవరికైనా తడితే చెప్పండి, సంతోషంగా మార్చుకుంటాను.

నేను పరీక్ష రాసింది 1987లో, మద్రాసులో. రెండో తరగతి పత్రానికి కూడా మోర్స్ సంకేతాలను నిమిషానికి అయిదు మాటల వేగంతో పంపి, విని రాసి, చూపించాలి. అప్పటి ప్రధాని రాజీవ్ గాంధీ స్వయంగా హామ్ (వీయూ2ఆర్‌జీ) కావటంతో మాకు కొంత ప్రతిష్ఠ కూడా ఉండేది. డబ్బున్నవారు జపాను సెట్లు తెప్పించుకునేవారు. మాబోటివాళ్లం రిచీ స్ట్రీట్‌లో సామాను ఏరుకొచ్చి, 807 అనే వాల్వుతో ట్రాన్స్‌మిటరు కట్టుకునేవాళ్లం. ఆ వాల్వు అయిదారువందల వోల్టులు తింటుంది. ఆ వోల్టుల రుచి ఒకసారి చూసినవాడు జన్మలో మరిచిపోడు. ఎస్టీడీ బూత్‌లు ఇంకా ఊరూరా వెలవని కాలమది. కోవూరులో మిద్దె మీది గదిలో కూర్చుని సాయంత్రం పూట బెంగుళూరు మనిషితో, కొలంబో మనిషితో లోకాభిరామాయణం మాట్లాడటం ఎంత వైభవమో ఇప్పటి పిల్లలకు చెప్పినా అందదు.

1989 నవంబరు 8, 9 తేదీలలో కావలి దగ్గర తీరం దాటిన తుపాను ఈ జిల్లాలో నా వయసువారెవరూ మరిచేది కాదు. థాయిలాండు సింధుశాఖలో పుట్టి, మలయా ద్వీపకల్పాన్ని అడ్డంగా దాటి, బంగాళాఖాతమంతా ఈదుకుంటూ మన మీదికి వచ్చింది. ప్రపంచానికది గే అనే తుపాను, మాకు కావలి తుపాను. మా ఇంట్లో మొట్టమొదట పడిపోయింది నా ఏరియల్. గాలి తగ్గాక, మిగిలిన తీగను పెరటి గోడకూ చింతకొమ్మకూ కట్టి, బ్యాటరీతో నడిచే చిన్న సెట్టు తెరిచాను. మద్రాసు మిత్రుడొకాయన వెంటనే దొరికాడు. ఎలా దొరికాడంటే, ఆయనా నేనూ రోజూ ఉదయం ఏడింటికి ఒకే పౌనఃపున్యం మీద కలుసుకుని, కుంభకోణం కాఫీ గొప్పదా కాదా అన్నంత అల్పవిషయాల మీద వాదులాడుకునేవాళ్లం. ఆ వేళకు నేను రాలేదని ఆయన సెట్టు కట్టేయకుండా వెతుకుతూ కూర్చున్నాడు. మా వీధిలోని నాలుగైదు కుటుంబాల క్షేమసమాచారాలు ఆయన నోట మద్రాసులోని వాళ్ల బంధువులకు చేరాయి. నేను చేసిన ఘనకార్యం అంతకు మించి ఏమీ లేదు. నేను చెప్పదలచుకున్నదంతా ఆ "వెతుకుతూ కూర్చున్నాడు" అన్న మాటలోనే ఉంది.

1996లో బదిలీలు మొదలయ్యాయి. అద్దె ఇళ్లు, తీగ కట్టనివ్వని యజమానులు, పిల్లల చదువులు. సెట్టు అట్టపెట్టెలోకీ, అట్టపెట్టె అటక మీదికీ పోయాయి. ఉద్యోగ విరమణ తర్వాత కోవూరు తిరిగి వచ్చిన కొద్దికాలానికే 2021 నవంబరు వరద వచ్చింది. కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట 19న తెగింది. పెన్న ఒడ్డులు మరిచి పారింది. మాకు ఆనుకునే ఉన్న పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయింది, పదహారో నంబరు జాతీయ రహదారికి గండి పడింది. మద్రాసు నుంచి విజయవాడకు పోయే ప్రధానమైన దారులు రెండూ మా గుమ్మం ముందే తెగిపోయాయన్నమాట. మా ఇంట్లో కరెంటు లేదు. ఫోను కాసేపు పలుకుతుంది, కాసేపు పలకదు.

"అందుకేనా మళ్లీ రేడియో పెట్టుకున్నారు?" అంటారు. ఆ చీకట్లో అటక మీది పెట్టె గుర్తొచ్చిన మాట నిజమే. అయితే ఆ సెట్టు ఆ క్షణాన దివ్యంగా పనిచేసి ఉన్నా నేను పిలిచేదెవరిని? మద్రాసు మిత్రుడు ఇప్పుడు లేడు. ఏ వేళకు ఎవరు ఎక్కడ ఉంటారో నాకు తెలియదు. నేనొకణ్ణి ఇక్కడ ఉన్నానని ఎవరికీ తెలియదు. ఏడు గంటలకు నా గొంతు వినబడకపోతే వెతికే మనిషి ఈ భూమ్మీద లేడు. యంత్రం కొనుక్కుంటే వస్తుంది. ఆ మనిషి రావటానికి ఏళ్లు పడుతుంది, అదీ పనికిమాలిన కబుర్లు చెప్పుకుంటూ గడిపిన ఏళ్లు.

దీనికి అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం అండమానులో ఉంది. హామ్‌లకు ఒక పిచ్చి ఉంటుంది. ప్రపంచంలోని దేశాలు, విడిగా లెక్కకు వచ్చే ద్వీపాలు అన్నిటితోనూ కనీసం ఒక్కసారి మాట్లాడి, జాబితాలో గుర్తు పెట్టుకోవాలి. అండమాన్ నికోబార్ ద్వీపాలకు (పిలుపుగుర్తులో వీయూ4) ఆ జాబితాలో సొంత స్థానముంది. అక్కడి నుంచి ప్రసారం చేయటానికి అనుమతి దొరకటం బహుకష్టం గనుక, ఏళ్ల తరబడి ప్రపంచమంతటా వేలమంది ఆ ఒక్క గుర్తు కోసం ఎదురుచూశారు. హైదరాబాదులో ఎస్. సూరి 1983లో స్థాపించిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ (వీయూ2ఆర్‌బీఐ) ఎన్నాళ్లో పట్టుబట్టి ఆ అనుమతి సాధించారు. 2004 డిసెంబరులో చిన్న జట్టుతో పోర్ట్‌బ్లెయిర్ చేరారు.

అక్కడ వాళ్లు చేసిన పనేమిటో ఆలోచించండి. రాత్రింబవళ్లు మైకు ముందు కూర్చుని, ఎక్కడెక్కడి హామ్‌లకో పిలుపుగుర్తు, ఎంత బలంగా వినబడుతున్నారన్న రెండంకెలు, ధన్యవాదాలు, తర్వాతి మనిషి. లెక్కలు చూసే అధికారి ఎవరైనా పక్కన నిలబడి ఉంటే, ఈ ఆటకు ఇంత ఖర్చా అని నుదురు కొట్టుకునేవాడు. డిసెంబరు 26 ఉదయం భూమి కంపించింది. వెనుకనే సముద్రం లేచింది. ద్వీపాల్లో టెలిఫోన్లు మూగపోయాయి. అప్పుడు పోర్ట్‌బ్లెయిర్ నుంచీ, తరువాత కార్ నికోబార్ నుంచీ బయటి ప్రపంచానికి కబుర్లు మోసినవి ఆ ఆటకు తెచ్చిన సెట్లే, ఆడిన మనుషులే. ఏ వేళకు ఏ పౌనఃపున్యం మీద ప్రధాన భూభాగం పలుకుతుందో వాళ్లు ప్రత్యేకంగా నేర్చుకోవలసిన పని లేకపోయింది. మూడు వారాలుగా గొంతులు అరగదీసుకుని చేస్తున్నది అదే. వాళ్ల పిలుపు వినటానికి అవతల మనుషులు కూడా అప్పటికే చెవులు రిక్కించి ఉన్నారు, ఆ అపురూపమైన గుర్తు కోసం. అదే పూట అలలు మా జిల్లా తీరాన్నీ ముంచాయి.

ఈ కథను మావాళ్లు సభల్లో సేవాగాథగా చెబుతారు. చెప్పవలసిందే. కానీ సునామీకి సిద్ధంగా ఉండటానికి వాళ్లెవరూ అక్కడికి వెళ్లలేదన్న వాక్యాన్ని మాత్రం వదిలేస్తారు. నా దృష్టిలో కథంతా ఆ వాక్యంలోనే ఉంది.

నేను చెబుతున్నది సొంత కవిత్వం కాదు. అంతర్జాతీయ రేడియో నిబంధనలలో మా వ్యాసంగానికి ఉన్న నిర్వచనం చూడండి. స్వయంశిక్షణ, పరస్పర సంభాషణ, సాంకేతిక అన్వేషణ, ఇవి మూడే ప్రయోజనాలు. చేసేవారికి ఉండవలసింది సొంత ఆసక్తి, ఉండకూడనిది ధనాపేక్ష. ఆ నిర్వచనంలో విపత్తు అన్న మాటే లేదు. 2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సదస్సులో మాత్రం, విపత్తు వేళ సహాయానికి హామ్‌లు సిద్ధపడేలా ప్రభుత్వాలు ప్రోత్సహించాలని మరోచోట ఒక మాట చేర్చారు. (మోర్స్ పరీక్ష పెట్టాలా వద్దా అన్నది ఏ దేశానికా దేశం తేల్చుకోమని వదిలేసింది కూడా ఆ సదస్సే. దాని మీద ముసలి హామ్‌లు పెట్టిన శోకాలు నేను రేడియోకు దూరంగా ఉండటంవల్ల తప్పించుకున్నాను.) అంటే సేవ అన్నది ముచ్చట మీద మొలిచిన కొమ్మ. మనం కొమ్మను నేలలో పాతి, వేరును గాలికి వదిలేస్తున్నాం.

ఇందువల్ల జరిగే నష్టమేమిటో చెబుతాను. మా ఎరికలో ఒకాయన తుపాను వేళకు పనికొస్తుందని చేతిలో ఇమిడే వీహెచ్ఎఫ్ సెట్టు ఒకటి కొని బీరువాలో పెట్టారు. పరీక్ష లేదు, పత్రం లేదు. అది చట్టం ఒప్పుకోని పని, అదలా ఉంచండి. ఆ సెట్టు ఎంతదూరం పలుకుతుందని అడిగితే ఆయనకు తెలియదు. మాది బల్లపరుపు డెల్టా నేల, మధ్యలో కొబ్బరితోటలు. చేత్తో పట్టుకుని మాట్లాడే ఆ సెట్టు కొద్ది మైళ్లు పలికితే గొప్ప. దాన్ని దూరం మోసే రిపీటరు యంత్రానికీ కరెంటే కావాలి. బ్యాటరీ అయితే ఏనాడో చచ్చిపోయి ఉంది. ఆయన పెద్దమనిషి, తుపాను కోసం కొన్నారు, తుపాను రాలేదు గనుక వాడలేదు. తర్కంలో దోషమేమీ లేదు.

తీరం వెంబడి ఊళ్లలో తుపాను రక్షిత భవనాలు చూసే ఉంటారు. వాటిలో బడి నడిచేవి ఉన్నాయి, పెళ్లి భోజనాలకు ఇచ్చేవి ఉన్నాయి, తాళం వేసి ఉంచినవీ ఉన్నాయి. బడి నడిచే భవనానికి తలుపులుంటాయి, నీళ్లుంటాయి, తాళంచెవి ఎవరి మొలతాటికి ఉందో ఊరందరికీ తెలుసు. పవిత్రంగా తాళం వేసి ఉంచినదానికి ఉప్పుగాలికి గడియ తుప్పుపట్టి, అవసరం వచ్చిననాడు గొడ్డలి కావలసివస్తుంది. హామ్ రేడియో మొదటి రకం భవనంలా ఉండాలని నా కోరిక. పిల్లలు అందులో గోల చేయాలి.

మరి విపత్తు విన్యాసాలు వద్దా? కావాలి. కానీ ఏడాదికొకసారి పచ్చని కోట్లు తొడుక్కుని, అధికారుల పక్కన నిలబడి ఫోటో దిగి, సెట్లు మళ్లీ పెట్టెల్లో పెట్టేయటం విన్యాసమనిపించుకోదు. పిల్లవాడికి సేవ చేయమని చెప్పి ఈ వ్యాసంగంలోకి దింపితే, మూడేళ్లు ఎదురుచూసి, ఒక్క తుపానూ రాకపోతే వాడు నిరాశపడతాడు. వానకోసం చూసినట్టు ప్రళయం కోసం చూసే స్థితిలోకి పిల్లల్ని నెట్టటం నాకు సబబనిపించదు. సేలంలో ఉన్న అపరిచితుడితో మొదటిసారి మాట్లాడినప్పుడు చెమటలు పట్టిన అరచేతులు చాలు, వాణ్ణి ముప్పై ఏళ్లు నిలబెట్టటానికి.

ఇక తిరిగి వచ్చిన సంగతి. గడువు తీరిన అనుమతిపత్రాన్ని మళ్లీ తెచ్చుకోవటం గురించి రాస్తే అదొక ప్రత్యేక టపా అవుతుంది, ఇప్పుడొద్దు. అటక మీది వాల్వు సెట్టును ముట్టుకోలేదు, అందులో ఎలుకలు కాపురం చేసి ఖాళీ చేసి కూడా వెళ్లాయి. హైదరాబాదులో అష్హర్ ఫర్హాన్ (వీయూ2ఈఎస్ఈ) అనే ఇంజనీరు 2000ల మొదట్లో బిట్ఎక్స్ అనే సెట్టు నమూనా తయారుచేసి లోకానికి ఉచితంగా ఇచ్చాడు. మన వీధి చివరి కొట్లలో దొరికే ట్రాన్సిస్టర్లతో మన హామ్‌లు తామే కట్టుకోగలగాలన్నది ఆయన పట్టుదల. తీగచుట్టలు చుట్టటానికి ప్రత్యేకమైన రింగులు దొరకవని, నీళ్ల పంపులో వేసే వాషర్ వాడమన్నాడు! అది ప్రపంచమంతా పాకింది. తరువాత వచ్చిన మైక్రో బిట్ఎక్స్ 3 నుంచి 30 మెగాహెర్ట్జ్‌ల దాకా పలుకుతుంది, పదివాట్ల ఖరీదైన ముచ్చట. దాని సర్క్యూటంతా బహిరంగమే గనుక, మూత తీసి టంకం పెట్టి నచ్చినట్టు మార్చుకోవచ్చు. చేతులు మారిన అలాంటిదొకటి నా దగ్గరికి వచ్చింది. విపత్తు నివారణ పద్దు కింద ఎవరూ దాన్ని కనిపెట్టమనలేదని గమనించగలరు.

ఏరియల్‌కు కావలసింది రాగితీగ, అంతే. 7 మెగాహెర్ట్జ్‌లకు మొత్తం ఇరవై మీటర్లు, నడుమ తెంచి అటు పది ఇటు పది, నడిమి నుంచి కేబులు కిందికి. పెరట్లో రెండు కొబ్బరిచెట్లు సరిగ్గా సరిపోయాయి. కాయలు దించే మనిషి తీగ కడుతూ పైనుంచి అడిగాడు: "ఏంది సార్, దీన్లో కరెంటుంటదా? మళ్లా నేను ఎక్కాల్నా వద్దా?" నేను మాట్లాడేటప్పుడు ఉంటుంది, ఊరుకుంటే ఉండదన్నాను. "అయితే నేను వచ్చినప్పుడు ఊరుకోండ"ని సెలవిచ్చాడు. ఎత్తు ముప్పై అడుగులే. 7 మెగాహెర్ట్జ్‌లకు అది తక్కువే గాని, అదీ ఒకందుకు మంచిది. తక్కువ ఎత్తులో కట్టిన తీగ నుంచి తరంగం నిట్టనిలువుగా పైకి పోయి, గొడుగు మీంచి వాననీరు జారినట్టు చుట్టూ నాలుగైదువందల కిలోమీటర్ల మేర దిగుతుంది. పగటిపూట మద్రాసు, బెంగుళూరు, హైదరాబాదు శుభ్రంగా పలుకుతాయి. సముద్రపు గాలి మాత్రం ఊరుకోదు. టంకం పెట్టిన చోట రాగి పచ్చబడుతుంది. ఆరు నెలలకొకసారి గీకి, మళ్లీ అతికి, మైనం పూయాలి.

నన్ను దిగ్భ్రాంతుణ్ణి చేసింది రొద. 1990లలో ఏడు మెగాహెర్ట్జ్‌ల మీద రాత్రిపూట చెవిలో పడేది దూరపు ఉరుముల చిటపటలు, విదేశీ కేంద్రాల ఈలలు. ఇప్పుడు సెట్టు తెరవగానే తుట్టె కదిలిన తేనెటీగల రొద. ఎల్ఈడీ బల్బులు, ఫోను ఛార్జర్లు, ఇన్వర్టర్లు, ఇలాంటివన్నీ చిన్నచిన్న ట్రాన్స్‌మిటర్లేనని అప్పుడు తెలిసింది. మా ఇంట్లో ఒక్కొక్కటీ పీకి, చివరికి కుట్టుమిషను దీపాన్ని పట్టుకున్నాను. (మా ఆవిడ దీని మీద చేసిన వ్యాఖ్యను ప్రచురించటం లేదు.) వీధి సంగతి మన చేతుల్లో లేదు గదా.

అయితే కరెంటు పోతుంది చూడండి, ఊరంతా ఒక్కసారిగా. సెట్టు బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది. ఆ రొద ఠక్కున ఆగిపోతుంది. పదిమంది ఒకేసారి మాట్లాడుతున్న గదిలోంచి మిగతావారు లేచిపోయినట్టు, అడుగున ఎక్కడో ఉన్న సన్నని గొంతులు పైకి తేలతాయి. నిరుడు అలాంటి ఒక రాత్రి గాలివానలో, అరగంట క్రితం అక్కడ లేనేలేదనుకున్న చోట, శ్రీలంక హామ్‌లు ఇద్దరు తమ పనసచెట్ల గురించి మాట్లాడుకోవటం విన్నాను. ఊరు చీకటైననాడే మాకు బాగా వినబడుతుందన్నది హామ్‌లందరూ ఎరిగినదే. కానీ ఏది రొద, ఏది మనిషి గొంతు అని పోల్చుకునే చెవి మాత్రం, కరెంటున్న రాత్రుల్లో విసుగు లేకుండా విని తయారుచేసుకోవలసిందే.

సూర్యుడు కూడా కలిసివచ్చాడు. సూర్యబింబం మీది మచ్చలు సుమారు పదకొండేళ్లకొకసారి పెరిగి తగ్గుతాయి. అవి ఎక్కువైనప్పుడు అయనావరణం బలపడి పై పౌనఃపున్యాలు దూరం పలుకుతాయి. ఈసారి శిఖరం 2024లో వచ్చింది. పదివాట్లతో ఐరోపా దాకా వెళ్లాను. నిజాయితీగా చెప్పాలంటే వెళ్లింది నేను కాదు, నా కంప్యూటరు. ఎఫ్‌టీ8 అనే పద్ధతి ఒకటి 2017లో వచ్చింది. నోబెల్ బహుమతి పొందిన భౌతికశాస్త్రవేత్త జో టేలర్, స్టీవ్ ఫ్రాంక్ కలిసి కనిపెట్టారు. చెవికి అందనంత బలహీనమైన సంకేతాన్ని కూడా, పదిహేనేసి సెకన్ల వంతుల్లో, యంత్రం పట్టుకుని అక్షరాలుగా మారుస్తుంది. పంపుకునేది పిలుపుగుర్తు, భూమి మీద మన గడి పేరు, సంకేతబలం, అంతే. (మా గడి ఎంకే94. ఎనభై డిగ్రీల రేఖాంశం మా ఊరికి కొద్దిగా తూర్పున పోతుంది గనుక, సముద్రం వైపు కాస్త నడిస్తే గడి పేరు పూర్తిగా మారిపోతుంది. ఇది తెలిసి నేను పొందిన ఆనందం మీకు అర్థం కాకపోవచ్చు.)

పాతకాపులు ఎఫ్‌టీ8 వల్ల హామ్ రేడియో నాశనమైందంటారు. నాకంత కోపం లేదు. బలహీన సంకేతాల శాస్త్రం అది, అందులో అన్వేషణ ఉంది. కాకపోతే అది నాకు పెళ్లిలో చదివింపుల్లా ఉంటుంది. పేరు చదువుతారు, అంకె చదువుతారు, తర్వాతి వారిని పిలుస్తారు. అటువైపు మనిషికి జలుబు చేసిందో లేదో తెలియదు. ఏడింటికి నేను రాకపోతే వెతికేవాడు అందులోంచి పుట్టడు. అండమానులోనూ ఇలాగే అంకెలే గదా చదివారంటే, నిజమే, కానీ అక్కడ గొంతులున్నాయి, వణికితే తెలిసే గొంతులు.

నేను లేని కాలంలో ఎన్నెన్ని జరిగిపోయాయో తలుచుకుంటే ఒకటి మాత్రం మనసును కలుక్కుమనిపిస్తుంది. 2005 మే 5న శ్రీహరికోటలో రెండో ప్రయోగవేదిక నుంచి లేచిన మొట్టమొదటి రాకెట్టు పీఎస్ఎల్వీ-సీ6. అందులో కార్టోశాట్-1తో పాటు హామ్‌శాట్ అనే నలభై రెండున్నర కిలోల చిన్న ఉపగ్రహం కూడా వెళ్లింది, కేవలం హామ్‌లు మాట్లాడుకోవటానికి. అందులో ఉన్న రెండు ట్రాన్స్‌పాండర్లలో ఒకటి మనవాళ్లది, రెండోది ఒక డచ్చి విద్యార్థి చేసినది. 2014 జులై దాకా, తొమ్మిదేళ్లకు పైగా, ఇళ్ల మిద్దెల మీద నిలబడి చేతి ఏరియళ్లు ఊపే మనుషుల మాటల్ని మోసింది. శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గాని, అప్పుడది మా నెల్లూరు జిల్లా. మా జిల్లాలో పుట్టి ఆకాశానికెక్కిన ముచ్చట అది. దాని మీద నేనొక్క మాటా మాట్లాడలేదు. ఇస్రోవంటి సంస్థ ఆటకు ఒక ఉపగ్రహం ఇచ్చిందంటే, మా సంఘాలవారు సేవ అన్న కవచం లేకుండా నలుగురిలోకి రావటానికి ఎందుకు సిగ్గుపడాలి?

కాబట్టి మా హామ్ మిత్రులకు నా విన్నపం. బడికి వెళ్లినప్పుడు తుపాను బొమ్మలు చూపించకండి. ఒక రేడియో పెట్టి, ఎవరో ఒకరిని పిలిచి, మైకు పిల్లల చేతికివ్వండి. (అనుమతి ఉన్నవారు పక్కనే ఉండి, నిబంధనలు ఒప్పుకున్నంత మేరకే సుమండీ.) వాళ్లు ఏం మాట్లాడాలో తెలియక నవ్వుతారు. నవ్వనివ్వండి. జిల్లా అధికారులకు రాసే అర్జీల్లో మాత్రం తుపాను మాట ఉండనివ్వండి, వారికి ఆ భాషే తెలుసు. మనలో మనం కూడా ఆ అర్జీ భాషే మాట్లాడుకోవటం దగ్గర నాకు అభ్యంతరం.

రాత్రి ఏడున్నర తర్వాత నేను ఏడు మెగాహెర్ట్జ్‌ల మీదే ఉంటున్నాను. నిన్న తూత్తుకుడి నుంచి ఒక ఉప్పుమళ్ల ఆయన దొరికారు. ఆయన తమిళం నాకు సగం, నా ఇంగ్లీషు ఆయనకు సగం. మీ వైపు వాన పడిందా అన్నారు. పడింది, వరికి ఈ వాన చాలదన్నాను. ఉప్పుకి ఈ వానే ఎక్కువైందన్నారు. ఈసారి ధాన్యం ధర ఎంత పలుకుతోందని ఆయన అడగబోయి, వ్యాపారం మాట్లాడకూడదన్న ఆనవాయితీ గుర్తొచ్చి, నడుమనే ఆగి దగ్గారు. ఇద్దరం నవ్వుకున్నాం. అంతలో మా వీధిలో ఎవరో మోటారు వేశారు. ఆయన గొంతు రొదలోకి దిగిపోయింది. రేపు ఇదే వేళకు అన్న ముక్క మాత్రం వినబడింది.